మౌత్‌పీస్ మార్చినప్పటి నుంచి పెదవి మంట: టిప్ వల్లా, లిక్విడ్ వల్లా?

కోరుట్ల_పోరడు

అందరికీ నమస్తే. దుబాయ్‌లో ఏసీ టెక్నీషియన్‌ని. సెలవు మీద ఇంటికి వచ్చాను. సిగరెట్ బదులు అక్కడ వేప్ (లిక్విడ్‌ను వేడి చేసి ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్) అలవాటైంది. మొదట్లో దానికి నల్ల ప్లాస్టిక్ మౌత్‌పీస్ ఉండేది. అది కింద పడి పగిలితే మా రూంమేట్ తన దగ్గరున్న బంగారు రంగు లోహపు టిప్ ఇచ్చాడు. చూడ్డానికి మస్తు ఉంది, పెట్టేసుకున్నా.

కొన్నాళ్లకు కింది పెదవి మధ్యలో దురద మొదలైంది, తర్వాత మంట. ఇప్పుడైతే టిప్ ఆనే చోట నెలవంకలా ఎర్రటి గీత, దాని మీద సన్నటి నీటి పొక్కులు. పొద్దున లేచేసరికి అవి ఎండి పొరలుగా లేస్తున్నాయి. పై పెదవికి కొంచెమే ఉంది. నాలుకకు, బుగ్గల లోపల ఏమీ లేదు. పచ్చిపులుసు అన్నం కలుపుకుంటే కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

మా అమ్మ వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి ఇస్తోంది. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక ట్యూబు ఇచ్చాడు. రాసినప్పుడు తగ్గింది, ఆపితే ముందుకంటే ఎక్కువైంది. ఇది టిప్ వల్లేనా? అయితే ఏ మెటీరియల్ మంచిది? పెదవి ఫొటో కూడా పెట్టా, తెలిసినవాళ్లు జర చెప్పండి.

కాజీపేట_జంక్షన్

టిప్ మార్చడం కాదు బ్రో, దుకాణమే మూసేయ్. పెదవి దానంతటదే మానుతుంది.

మోడరేటర్

చర్చ మొదలయ్యే ముందే ఒక మాట. 2019లో వచ్చిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల నిషేధ చట్టం ప్రకారం మన దేశంలో వీటి తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటనలు అన్నీ నేరమే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ; నిల్వకు మాత్రం ఆరు నెలల వరకు జైలు, లేదా యాభై వేల వరకు జరిమానా, లేదా రెండూ. బయటి దేశం నుంచి బ్యాగులో పెట్టుకుని తేవడం కూడా దిగుమతి కిందికే వస్తుంది, గల్ఫ్ నుంచి వచ్చే అన్నలు గుర్తుంచుకోండి. ఆరోగ్యం గురించి ఎంతైనా మాట్లాడండి. ఎక్కడ దొరుకుతుంది, ఎంత, ఎవరి దగ్గర అనే పోస్టులు కనిపిస్తే తీసేస్తాను.

హన్మకొండ_పంటి_డాక్టర్

తమ్ముడూ, ఫొటో చూశాను. గీత ఆకారమే సగం కథ చెబుతోంది. లిక్విడ్ పడకపోతే మంట సాధారణంగా నోరంతా ఉంటుంది. నాలుక అంచులు, అంగిలి, గొంతు ఎండిపోయినట్టు అనిపిస్తాయి. ఒక వస్తువు ఆనే చోట, ఆనినంత మేరకే వస్తే ముందుగా ఆ వస్తువునే అనుమానించాలి.

కానీ ఫొటో చూసి తీర్పు చెప్పను. ఇవి చెప్పు: టిప్ మార్చినప్పుడు లిక్విడ్ కూడా మార్చావా? టూత్‌పేస్ట్, లిప్ బామ్ ఏమైనా కొత్తవా? పెదవిని నాలుకతో తడుపుకునే అలవాటు ఉందా? వాచీ బకిల్, బెల్టు బకిల్, జీన్స్ గుండీ తగిలే చోట ఎప్పుడైనా దురద వచ్చిందా? గుట్కా, జర్దా, పాన్ అలవాటు ఉందా? నోట్లో ఎక్కడైనా గీకినా పోని తెల్ల మచ్చ ఉందా?

కోరుట్ల_పోరడు

థాంక్స్ డాక్టర్ గారు. లిక్విడ్ అదే, మొదటి నుంచీ పుదీనా ఫ్లేవర్. పేస్ట్ మార్చలేదు. బామ్ మంట మొదలయ్యాకే పూయడం మొదలుపెట్టా. గుట్కా ముట్టను. తెల్ల మచ్చ లేదు. మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా, బొడ్డు కింద జీన్స్ గుండీ తగిలే చోట చిన్నప్పటి నుంచీ నల్లగా, గరుకుగా ఉంటుంది. చెమట పడితే దురద. దుబాయ్ ఎండలో అయితే ఇక చెప్పక్కర్లేదు. ఇన్నాళ్లూ అది గజ్జి లాంటిదేదో అనుకున్నా.

సిరిసిల్ల_సునీత

గుండీ సంగతి వినగానే నాకు అర్థమైపోయింది. పెళ్లిళ్లకు గిల్టు కమ్మలు పెట్టుకుంటే నాకు రెండో రోజుకే చెవి తమ్మెలు రసి కారతాయి. డాక్టర్ చూసి నికెల్ పడదన్నారు. అప్పటి నుంచి బంగారమో, లేకపోతే ఉత్త చెవులో. తమ్ముడూ, నీ టిప్ కూడా గిల్టు సరుకే అయ్యుంటుంది.

లేత్_మాస్టర్

వరంగల్‌లో ములుగు రోడ్డు దగ్గర మాకు లేత్ షెడ్డు ఉంది. రోజూ చేతిలో ఆడే సరుకు కాబట్టి నాకు తెలిసింది చెబుతా.

బంగారు రంగు అంటే బంగారం అయ్యే అవకాశమే లేదు. మూడు రకాలుగా ఉండొచ్చు. ఒకటి, లోపల ఇత్తడి, పైన లక్కర్ కొట్టింది. రెండు, ఇత్తడి మీద నికెల్ పూత వేసి, ఆపైన బంగారు రంగు పలచగా ఎక్కించింది. మూడు, స్టెయిన్‌లెస్ స్టీల్ మీద వాక్యూమ్‌లో వేసిన గట్టి పూత. మూడోది కాస్త నయం, కానీ చవక సరుకులో ఎక్కువగా వచ్చేది మొదటి రెండే. ఇత్తడి లేత్ మీద వెన్నలా తెగుతుంది, పనికి తక్కువ టైం పడుతుంది. పైగా కటింగ్ సాఫీగా సాగాలని ఆ రాడ్లలో మూడు శాతం దాకా సీసం కలిపేవి ఉంటాయి. వాల్వులకు, నట్లకు ఫర్వాలేదు. నోట్లో పెట్టుకునేదానికి ఎవడు వాడమన్నాడు?

అయస్కాంతం పెట్టి చూద్దామంటే లాభం లేదు. మంచి స్టీలూ అంటుకోదు, ఇత్తడీ అంటుకోదు. టిప్ తీసి ఓ-రింగ్ (అడుగున ఉండే రబ్బరు రింగు) కింద కనబడని చోట సన్న ఆకురాయితో ఒక్క గీత గీసి చూడు. లోపల పసుపు కనిపిస్తే ఇత్తడి, తెల్లగా ఉంటే స్టీలు. పెదవి ఆనే అంచు దగ్గర రంగు మారి తెల్లగా ఉంటే పై పూత పోయి నికెల్ బయటపడిందన్నమాట. ఇంకా అరిగితే దాని కింద పసుపు తేలుతుంది.

నిట్_మెటలర్జీ

మాస్టర్ చెప్పింది కరెక్ట్. కొంచెం కలుపుతాను. ఇత్తడి మీద నేరుగా బంగారు పూత వేస్తే రాగి మెల్లగా పైకి పాకి రంగు చెడుతుంది. అందుకే మధ్యలో నికెల్ పొర వేస్తారు. క్రోమ్ మెరుపు ఉన్నదాని కింద కూడా మామూలుగా నికెలే ఉంటుంది. పై పొర మైక్రాన్ల లెక్క. రోజూ పెదవి రాపిడి, ఉమ్మి, వేడి ఆవిరి మూడూ కలిస్తే ఎన్నాళ్లు ఉంటుంది?

ఇక్కడ చాలామంది తికమకపడే విషయం ఒకటుంది. 304 స్టీల్‌లో నికెల్ 8 నుంచి 10.5 శాతం, 316లో 10 నుంచి 14 శాతం. మరి స్టీల్ గ్లాసులో నీళ్లు తాగితే ఎవరికీ ఏమీ కావడం లేదు కదా? లోపల ఎంత ఉందన్నది కాదు, బయటికి ఎంత వదులుతుందన్నది లెక్క. స్టీల్ పైన క్రోమియం ఆక్సైడ్ పొర తాళం వేసినట్టు నికెల్‌ను లోపలే ఆపుతుంది. నికెల్ ప్లేటింగ్‌కు ఆ తాళం లేదు. యూరప్‌లో చర్మానికి ఎక్కువసేపు ఆనే వస్తువుల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ రాకూడదని నియమం పెట్టారు. అందులోనూ లెక్క వదిలేదానికే, ఉన్నదానికి కాదు.

పరీక్ష కూడా సులువే. డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే కెమికల్‌ను అమ్మోనియాతో కలిపి దూదికి అద్ది లోహం మీద రుద్దితే, నికెల్ వదిలే సరుకైతే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఉండే సరుకే. రుద్దిన టిప్‌ను మళ్లీ నోట్లో పెట్టుకోకండి, అంతే.

పెంబర్తి_వాసి

మా ఊరిపేరు చెబితే ఇత్తడే గుర్తొస్తుంది కాబట్టి నేనూ ఒక మాట. తలుపుల మీది రేకు పని, దేవుడి విగ్రహాల తొడుగులు, మెమెంటోలు, ఇవన్నీ ఇత్తడితో ఎంత అందంగానైనా వస్తాయి. కానీ నోటికి, తిండికి తగిలేదైతే మా పెద్దవాళ్లు కళాయి లేకుండా ఒప్పుకునేవాళ్లు కాదు. పాత ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కి వికారం పుట్టేది. అందుకే ఏడాదికోసారి తగరం పూత వేయించేవారు. పులుపు దాకా ఎందుకు, ఉప్పు చెమటకే ఇత్తడి ఆకుపచ్చకు తిరుగుతుంది. పెదవి తడికి తిరగదా? ఆ టిప్ లోపలి గొట్టంలో చూడు తమ్మీ, పచ్చగా కనిపిస్తుందేమో.

కోరుట్ల_పోరడు

ఇప్పుడే బల్బు కింద పెట్టి చూశా. పెంబర్తి అన్న చెప్పినట్టే లోపల, కింది అంచు చుట్టూ, పచ్చటి పొర! బయట పెదవి ఆనే వైపు గోరంత మేర రంగు పోయి తెల్లగా ఉంది. ఇన్నాళ్లూ అది అలా మెరుస్తోందనుకున్నా. తీసి పక్కన పడేశా.

బరాత్_ట్రంపెట్

అన్నా, వేప్ గురించి నాకు తెల్వదు. పెదవి మంట గురించి తెలుసు. ఇరవై ఏళ్లుగా పెళ్లి బ్యాండులో ట్రంపెట్ వాయిస్తున్నా. మాఘమాసం వచ్చిందంటే హన్మకొండ నుంచి భూపాలపల్లి దాకా రోజుకో బరాత్, కొన్నిసార్లు రెండు. మా మౌత్‌పీస్ కూడా ఇత్తడే, పైన వెండి పూత. పూత ఉన్నంత కాలం బాగుంటుంది. అరిగి లోపలి పసుపు తేలిందా, పెదవి మీద గుండ్రంగా ఎర్ర ముద్ర పడి పొట్టు లేస్తుంది. బ్యాండులో కొత్త పోరగాళ్లు దాన్ని ఎక్కువ వాయించడం వల్ల వచ్చిన కాయ అనుకుని ఇంకా గట్టిగా అదుముతారు.

మాలో ఒకాయనకు వెండి పూతది కూడా పడలేదు. హైదరాబాద్ పంపించి నోరు ఆనే అంచుకు బంగారు పూత వేయించాడు. ఖర్చయింది కానీ మంట పోయింది. అంత స్తోమత లేనోళ్లు ప్లాస్టిక్ మౌత్‌పీస్ వాడుతున్నారు. సౌండ్ కొంచెం మెత్తబడుతుంది. డీజే మోత నడుమ అది ఎవరికి తెలుస్తది?

క్లారినెట్ వాయించే మా మామకైతే లోహం ఊసే లేకుండా పెదవి మంట వచ్చింది. ఆయనది నల్ల ఎబోనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్, పైన రెల్లు పుల్ల రీడ్. రీడ్ మార్చి ప్లాస్టిక్‌ది పెట్టాక తగ్గింది.

వరంగల్_నైట్స్

లోహం ఒక్కటే కాదు గురూ. నాకు రెసిన్ టిప్ వల్ల అయింది. రంగురంగుల గోళీలా ఉంటుందే, అది. కొత్తది విప్పగానే పెయింట్ వాసన వచ్చింది, వేలితో పట్టుకుంటే కొంచెం జిగటగా అనిపించింది. మర్నాటికి రెండు పెదాలూ కందిరీగలు కుట్టినట్టు వాచాయి. దాన్ని పారేసి మామూలు ప్లాస్టిక్ పెట్టాక మళ్లీ రాలేదు.

లేత్_మాస్టర్

అది సరిగా గట్టిపడని ఎపాక్సీ. రెసిన్, హార్డెనర్ కొలతలో తేడా వచ్చినా, ఆరనివ్వకుండా తొందరపడి అచ్చు విప్పినా లోపల పచ్చిగానే మిగిలిపోతుంది. మా దగ్గర మోల్డింగ్ చేసే కుర్రాళ్లు గ్లౌజుల్లేకుండా ఎపాక్సీ కలిపి చేతులు పగిలి తిరుగుతుంటారు. పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీతో ఇబ్బంది తక్కువ. కానీ అది గట్టిపడిందో లేదో కొనేవాడికి తెలిసే దారేది? జిగట, వాసన, ఈ రెండిట్లో ఏది ఉన్నా నోటి దగ్గరికి తేవొద్దు.

హన్మకొండ_పంటి_డాక్టర్

కట్టుడు పళ్లలోనూ ఇదే సమస్య. ఆ గులాబీ రంగు ప్లేటు యాక్రిలిక్. సరిగా ఉడికించకపోతే మోనోమర్, అంటే గట్టిపడని ముడి రసాయనం, మిగిలిపోయి చిగుళ్లు మండుతాయి. అందుకే మేము ల్యాబు నుంచి వచ్చిన కొత్త ప్లేటును నీళ్లలో నానబెట్టి ఇస్తాం.

ఇంకొకటి. యాక్రిలిక్, పాలికార్బొనేట్ టిప్‌లను శానిటైజర్‌తో తుడవకండి. ఆల్కహాల్‌కు వాటి మీద వెంట్రుక మందం పగుళ్లు వస్తాయి. ఆ సందుల్లో ఉమ్మి, లిక్విడ్ జిగురు చేరి క్రిములకు ఇల్లవుతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు చాలు. ఒకరి టిప్ ఇంకొకరు నోట్లో పెట్టుకోవడం అసలే వద్దు. పెదవి మీద గుత్తులుగా పొక్కులు తెచ్చే హెర్పిస్ అలాగే అంటుకుంటుంది. రూంమేట్ వాడిన టిప్ అంటే నాకు మొదట వచ్చిన అనుమానం అదే. కానీ హెర్పిస్ వారం పది రోజుల్లో ఎండిపోతుంది, ఇలా టిప్ ఆకారంలో నెలల తరబడి ఉండదు.

మంచిర్యాల_మహేష్

డెల్రిన్ గురించి ఎవరూ చెప్పరేం? నల్లగా ఉండే ప్లాస్టిక్ టిప్‌లు దాంతోనే చేస్తారట. అది వేడెక్కితే ఫార్మాలిన్ వస్తుందని, శవాలను నిల్వ చేసే మందు పీల్చినట్టేనని వాట్సాప్‌లో వీడియో తిరుగుతోంది. అంటే ప్లాస్టిక్ కూడా సేఫ్ కాదా?

నిట్_మెటలర్జీ

వీడియోలో సగం నిజం ఉంది, అందుకే అంత బాగా తిరుగుతోంది. డెల్రిన్ అంటే పాలీఆక్సీమిథిలీన్, ఫార్మాల్డిహైడ్ (ఫార్మాలిన్‌లో ఉండేది ఇదే) అణువులను గొలుసుగా కట్టి చేసిన ప్లాస్టిక్. బాగా కాలిస్తే ఆ గొలుసు తెగి ఫార్మాల్డిహైడ్ వస్తుంది. కానీ అది కరగడానికే 175 డిగ్రీలు కావాలి, విడిపోవడానికి ఇంకా పైకి పోవాలి. టిప్ అంత వేడెక్కితే దానికంటే ముందు నీ పెదవి ఉడికిపోతుంది. అంబర్ రంగులో అల్టెమ్ అని ఇంకో ప్లాస్టిక్ వస్తుంది, అది 200 డిగ్రీలు దాటినా మెత్తబడదు.

లేత్_మాస్టర్

డెల్రిన్ రాడ్ మీద మొద్దు టూల్ పెట్టి గీరి చూడు, పొగ వచ్చి కళ్లు మండుతాయి. ఆ వాసన మాకు బాగా తెలుసు. చల్లగా ఉన్నప్పుడు మాత్రం ఏమీ ఉండదు.

హన్మకొండ_పంటి_డాక్టర్

మహేష్ గారూ, ఫార్మాల్డిహైడ్ భయం ఉంటే దాన్ని టిప్‌లో కాదు, లిక్విడ్‌లో వెతకండి. అందులో ఉండే ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ కాయిల్ (లిక్విడ్‌ను వేడి చేసే తీగచుట్ట) మీద అతిగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుడతాయి. కాయిల్‌కు లిక్విడ్ అందించే దూది ఎండిపోయి మాడు వాసన వచ్చిందంటే జరుగుతున్నది అదే. పెదవికి ఆనేదాని గురించి ఇంత చర్చిస్తున్నాం, ఊపిరితిత్తుల్లోకి పోయేదాన్ని మరిచిపోవద్దు.

నిర్మల్_బొమ్మలు

లోహం వద్దు, ప్లాస్టిక్ వద్దంటే మా దగ్గర పొనికి కర్ర ఉంది కదా. బొమ్మలు చెక్కినట్టు ఒక టిప్ చెక్కితే? సరదాకే అడిగానులే. కానీ టేకు, జిట్రేగితో చేసినవి నిజంగానే ఆన్‌లైన్‌లో చూశాను.

చర్మం_పీజీ

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నా, కర్ర మాట వచ్చాక ఆగలేకపోయా. నేను చర్మవ్యాధుల విభాగంలో పీజీ చేస్తున్నా. జిట్రేగి పొట్టు పడక కార్పెంటర్లకు చేతులు, మొహం పొక్కడం పుస్తకాల్లో ఉన్న విషయమే. టేకు కూడా కొందరికి పడదు. పొనికి మెత్తది, ఉమ్మిని పీల్చుకుని నాని కూర్చుంటుంది. బొమ్మలకే ఉంచండి సార్.

ఇక కోరుట్ల తమ్ముడి విషయం. జీన్స్ గుండీ దగ్గర ఏళ్లుగా దురద, పూత అరిగిన టిప్, ఆనే చోటే మచ్చ: మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. దీన్ని కాంటాక్ట్ చీలైటిస్ అంటాం, పెదవికి వచ్చే స్పర్శ ఎలర్జీ. అయినా ఊహ మీద ఆగకుండా ప్యాచ్ టెస్ట్ చేయించుకో. వీపు మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి చాంబర్లలో ఎలర్జీ తెప్పించే పదార్థాలు పెట్టి టేపు అంటిస్తారు. నికెల్ అయితే 5 శాతం నికెల్ సల్ఫేట్. 48 గంటల తర్వాత టేపు తీసి చూస్తారు, మళ్లీ 72 నుంచి 96 గంటల మధ్య ఇంకోసారి చూస్తారు. ఆ రెండోసారి తప్పక వెళ్లాలి, కొన్ని ఆలస్యంగా తేలతాయి. అన్ని రోజులూ వీపు తడపకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. మన దగ్గర మే నెలలో టేపులు వీపు మీద నిలవవు కాబట్టి ఎండలు ముదరకముందే చేయించుకో. రక్తపరీక్ష రాసిచ్చి నికెల్ ఎలర్జీ తేలుస్తామంటే నమ్మొద్దు, ఈ రకం ఎలర్జీకి ఆధారం ప్యాచ్ టెస్టే.

ఆర్‌ఎంపీ ఇచ్చిన ట్యూబు పేరు ఇక్కడ రాయొద్దు కానీ, దాని వెనక ఏముందో చదువు. క్లోబెటసాల్ లేదా బీటామెథసోన్ అని ఉంటే అది గట్టి స్టెరాయిడ్. పక్కన నియోమైసిన్, మైకోనజోల్ కూడా ఉండొచ్చు. రాసినన్నాళ్లు తగ్గి, ఆపగానే ఎగదన్నడం దాని లక్షణమే. పెదవి చర్మం పలచన, దాని మీద ఇలాంటివి వారాల తరబడి రాస్తే ఇంకా పలచబడుతుంది. పైగా నియోమైసిన్ తానే ఎలర్జీ తెప్పిస్తుంది. ఆపేయ్. ప్రస్తుతానికి ఉత్త పెట్రోలియం జెల్లీ చాలు. సువాసన, పుదీనా, దాల్చినచెక్క ఉన్న బామ్‌లు వద్దు.

భద్రకాళి_చెరువు

దాల్చినచెక్క అన్నారు కాబట్టి చెబుతున్నా. నా కేసు పూర్తిగా వేరు. నాది గాజు టిప్, దాంతో ఏ గొడవా లేదు. కానీ దాల్చినచెక్క ఫ్లేవర్ మొదలెట్టాక బుగ్గల లోపల పాల మీగడ లాంటి తెల్లటి పొర, నాలుక పక్కల మంట. అదే టైంలో పేస్ట్ కూడా లవంగం, దాల్చినచెక్క ఘాటుదే వాడుతున్నా. రెండూ మానేసేసరికి నోరు బాగుపడింది. డాక్టర్ చెప్పింది, దాల్చినచెక్కకు ఘాటునిచ్చే సిన్నమాల్డిహైడ్ వల్ల ఇలా అవుతుందని.

చర్మం_పీజీ

అవును, అది బాగా తెలిసిన కారణం. ప్రొపైలీన్ గ్లైకాల్ కూడా కొందరికి పడదు. అమెరికాలో చర్మ ఎలర్జీ వైద్యుల సంఘం 2018కి దాన్నే ఆ ఏడాది ఎలర్జీ కారకంగా ప్రకటించింది. ఎలర్జీ లేనివాళ్లకు కూడా అది తేమ లాగేసి నోరు ఎండబెడుతుంది. ఎండిన నోట్లో పుళ్లు, ఫంగస్, పళ్లు పుచ్చడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. నోటి మూలలు పగిలితే మాత్రం టిప్‌ను తిట్టకుండా హిమోగ్లోబిన్, బి12 చూపించుకోండి.

(ఈ పోస్టును మోడరేటర్ తొలగించారు)

మోడరేటర్

పైన ఒకరు "ఒరిజినల్ స్టీల్ టిప్‌లు ఉన్నాయి, ఇన్‌బాక్స్‌కు రండి" అన్నారు. అకౌంట్ ఆపేశాను.

కాజీపేట_జంక్షన్

చూశారా, అసలు తిరకాసు ఇదే. నిషేధం ఉన్న సరుకు కాబట్టి ఏ లోహమో డబ్బా మీద రాసేవాడు లేడు, బిల్లు లేదు, పడకపోతే అడిగే దిక్కు లేదు. స్టీల్ గిన్నె కొంటేనే అడుగున 304 అని చూసి తెచ్చుకుంటున్నాం.

సిరిసిల్ల_సునీత

నిషేధం లేని దేశాల్లో మాత్రం టిప్ మీద రాసి ఇస్తున్నారా ఏంటి? ఈ తమ్ముడు తెచ్చింది దుబాయ్ నుంచే కదా.

కాజీపేట_జంక్షన్

అదీ నిజమే అక్కా.

కోరుట్ల_పోరడు

చాలా రోజులైంది, అప్‌డేట్ పెడదామని వచ్చా. ట్యూబు ఆపేశాక మొదట్లో ఇంకా మండింది, చర్మం పీజీ మేడమ్/సార్ ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. జెల్లీ తప్ప ఏమీ పూయలేదు. కరీంనగర్‌లో ప్యాచ్ టెస్ట్ చేశారు. మొదటిసారి చూసినప్పుడు నికెల్ గడి కొంచెం ఎర్రగా ఉంది, రెండోసారికి పొక్కులతో సహా ఉబ్బింది. డాక్టర్ ఫోన్‌లో ఫొటో తీసి చూపించారు, అచ్చం పెదవి మీద ఉన్నట్టే. మిగతా గడులన్నీ ఖాళీ.

జీన్స్ గుండీకి లోపలి వైపు మా చెల్లె రంగులేని నెయిల్ పాలిష్ పూసి ఇచ్చింది, ఊడినప్పుడల్లా మళ్లీ పూస్తోంది. చిన్నప్పటి నుంచి ఉన్న దురద తగ్గుతోంది. పెదవి మీద గీత మానింది, కొంచెం నలుపు మిగిలింది. ఇప్పుడు అడిగేదేంటంటే, గాజు టిప్‌తోనో ప్లాస్టిక్‌తోనో కొనసాగించొచ్చా?

నిట్_మెటలర్జీ

టిప్ వరకే అయితే గాజు, డెల్రిన్, అల్టెమ్, టైటానియం వీటిలో నికెల్ గొడవ ఉండదు. కానీ నీ సమస్య ఇప్పుడు టిప్ దాటింది. కాయిల్ తీగ నైక్రోమ్ అయితే అందులో దాదాపు 80 శాతం నికెలే. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు వేపర్లు రోజూ వాడే పరికరాలనే తీసుకుని ఆవిరిని పరీక్షిస్తే నికెల్, క్రోమియం, సీసం కనిపించాయి. డబ్బాలో ఉన్న లిక్విడ్‌లో తక్కువ, కాయిల్ తగిలాక ఎక్కువ. కాంథాల్ తీగలో ఇనుము, క్రోమియం, అల్యూమినియం ఉంటాయి, నికెల్ ఉండదు. కానీ కాయిల్ చుట్టూ ఉన్న అతుకులు, కాంటాక్టులు ఏ లోహమో ఎవరు చెప్పగలరు?

చర్మం_పీజీ

నికెల్ ఎలర్జీ ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. పైకి మానిందని శరీరం మరిచిపోదు. నిన్ను నా ఓపీలో చూసి ఉంటే కొనసాగించమని రాసివ్వను. నికోటిన్ మానడానికి ఉచిత ఫోన్ సహాయం ఉంది, 1800-112-356. తెలుగులో మాట్లాడేవాళ్లు ఉంటారు. నికోటిన్ గమ్ వాడాలంటే డాక్టర్‌ను అడిగి డోసు తెలుసుకుని వాడు. గమ్‌ను చూయింగ్ గమ్‌లా నమలకూడదు. కొంచెం నమిలి బుగ్గన పెట్టుకోవాలి, లేకపోతే అదో మంట.

కోరుట్ల_పోరడు

సరే. మళ్లీ సిగరెట్ వైపు పోతానేమోనని టెన్షన్ ఉంది. ఫోన్ చేసి చూస్తా.

బరాత్_ట్రంపెట్

పీజీ గారూ, మా పోరగాళ్లకు కూడా ఆ వీపు టెస్ట్ చేయించొచ్చా? వెండి పూతలోనూ నికెల్ ఉంటదా?

నిట్_మెటలర్జీ

కొందరు వెండి కింద నికెల్ పొర వేస్తారు, కొందరు వేయరు. గులాబీ దూది పరీక్ష చేస్తే పది నిమిషాల్లో తేలుతుంది. సాయంత్రం ఎప్పుడైనా కాజీపేట వైపు రండి, మౌత్‌పీస్‌లన్నీ పట్టుకురండి, చూసేద్దాం. కొత్తగా పూత వేయించేటప్పుడు కింద నికెల్ వద్దని ముందే అడగండి.

నిజామాబాద్_గృహిణి

నమస్కారం. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఆయనకు నలభై లోపే. లారీ మీద పోతారు. గుట్కా మానేయాలని స్నేహితుడి దగ్గర వేప్ తెచ్చుకున్నారు, ప్లాస్టిక్ టిప్. ఇప్పుడు కారం అసలు తినలేకపోతున్నారు. జొన్న రొట్టె నమలడం కూడా కష్టమవుతోంది. టిప్ మారిస్తే తగ్గుతుందా?

హన్మకొండ_పంటి_డాక్టర్

అమ్మా, ముందు ఒకటి చూసి చెప్పండి. ఆయన్ని నోరు పూర్తిగా తెరవమని, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య ఆయన వేళ్లే నిలువుగా పెట్టుకోమనండి. మూడు వేళ్లు పట్టాలి. ఎన్ని పడుతున్నాయి? బుగ్గ లోపల వేలితో నొక్కితే మెత్తగా ఉందా, తాళ్లలా గట్టిగా తగులుతోందా?

నిజామాబాద్_గృహిణి

రెండు కూడా సరిగా పట్టడం లేదు సార్. ఎడమ వైపు గట్టిగా ఉందంటున్నారు. లోపల తెల్లగా పాలిపోయినట్టు ఉంది.

హన్మకొండ_పంటి_డాక్టర్

ఇది టిప్ వల్ల వచ్చింది కాదమ్మా. గుట్కాలోని వక్క వల్ల బుగ్గల లోపలి పొర గట్టిపడే జబ్బు లక్షణాలు ఇవి. అందుకే కారం తగిలితే మంట, నోరు తెరుచుకోకపోవడం. టిప్‌లు, ఫ్లేవర్లు మారుస్తూ కూర్చుంటే నోరు ఇంకా మూసుకుపోతుంది. కొందరిలో ఇది క్యాన్సర్‌కు దారితీస్తుంది కాబట్టి ఆలస్యం వద్దు. గుట్కా, వక్కపొడి, పాన్ మసాలా, వేప్ అన్నీ ఈ రోజే ఆపించండి. నిజామాబాద్ ప్రభుత్వ ఆస్పత్రిలో పళ్ల విభాగం ఓపీకి వెళ్లి, నోరు తెరుచుకోవడం లేదని మొదటి మాటగానే చెప్పండి. పుండు, తెల్ల మచ్చ ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు, దానికి ఆయన్ని ముందే ఒప్పించండి. లారీ ట్రిప్పు ఉందని వాయిదా వేయనివ్వద్దు.

నిజామాబాద్_గృహిణి

రాత్రికి నాందేడ్ లోడు ఉందంటున్నారు. ఓనర్‌తో నేనే మాట్లాడి డ్రైవర్‌ను మార్పిస్తాను. రేపు పొద్దున ఓపీ ఎన్నింటికి మొదలవుతుంది సార్?

హన్మకొండ_పంటి_డాక్టర్

9 గంటలకల్లా చీటీ కౌంటర్ దగ్గర ఉండండి. ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కోసం రేషన్ కార్డు తీసుకెళ్లండి. ఆయన ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలుంటే అవీ పట్టుకెళ్లండి.